మూడో పీరియడ్‌లో అన్న మాట

పెద్ద మేడమ్ గది బయట ఉన్న బల్ల మీద కూర్చోమని అటెండర్ చెప్పినప్పుడు సోషల్ టీచర్‌కి ముందుగా తోచింది, ఇన్నేళ్ళలో ఈ బల్ల మీద పిల్లలు తప్ప టీచర్లెవరూ కూర్చోగా చూడలేదే అని. హోంవర్కు ఎగ్గొట్టినవాళ్ళు, కిటికీ అద్దం పగలగొట్టినవాళ్ళు, జుట్టూ జుట్టూ పట్టుకుని కొట్టుకున్నవాళ్ళు, అందరూ ఇక్కడే కాళ్ళు ఊపుకుంటూ కూర్చునేవాళ్ళు. వాళ్ళ పక్కనుంచి పోతూ తను, ఏం ఘనకార్యం వెలగబెట్టారమ్మా ఇవాళ అని అడిగేది. ఇప్పుడు తననెవరూ అలా అడగడం లేదు. సైన్స్ టీచర్ గాజు గొట్టాల పెట్టె పట్టుకుని అటుగా వచ్చి, ఒక్క క్షణం ఆగి, గొట్టాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటున్నట్టు తల వంచుకుని వెళ్ళిపోయింది. బల్ల పొట్టిది, మోకాళ్ళు పైకి లేస్తున్నాయి, చేతిసంచీ ఒళ్ళో నిలవడం లేదు. మూసిన తలుపు వెనక నుంచి ఒక మగగొంతు వినిపిస్తోంది, మాటలు మాత్రం తెలియడం లేదు. గొంతు పెద్దదిగా లేదు, ఆమెకు భయం అందుకే. అరిచేవాడయితే బాగుండును. అరిచేవాడికి జవాబు చెప్పడం తేలిక, పక్కింటివాళ్ళతో గొడవ పడ్డట్టు నాలుగు మాటలు అని చేతులు దులుపుకోవచ్చు. నెమ్మదిగా మాట్లాడేవాడి ఎదుట మనిషి తన మాటలు తనే వినాల్సి వస్తుంది.

లోపలున్నది ఫోటో స్టూడియో ఆయన. ఆమె తరగతిలో లీడరుగా ఉన్న అమ్మాయికి తండ్రి. ఏటా బడికి వచ్చి గ్రూపు ఫోటోలు తీసేది ఆయనే, పొడుగువాళ్ళని వెనక్కీ పొట్టివాళ్ళని ముందుకీ జరుపుతూ, చెల్లెమ్మా కొంచెం గడ్డం ఎత్తండి, మీరు బిగుసుకుపోతే పిల్లలూ బిగుసుకుపోతారు అంటూ నవ్వించేవాడు. ఈమధ్య సాయంత్రాలు స్టూడియో ముందు కెమెరా లేకుండా నిలబడుతున్నాడు. చొక్కాకి పార్టీ బిళ్ళ, చేతిలో కరపత్రాలు. వచ్చే వారం ఎన్నికలు. ఆ పార్టీది ఒకటే మాట, గోడల మీదా, స్తంభాల మీదా, బస్సుల వెనకా అదే: బయటినుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళని వెనక్కి పంపేస్తాం. ఒకరోజు తనకి కూడా ఒక కరపత్రం ఇచ్చాడు, తీసుకోకపోతే బాగుండదని తీసుకుంది, చదవకుండా మడిచి సంచీలో వేసుకుంది, ఆయన చూస్తుండగా నలపలేదు. అంత జాగ్రత్త ఉన్న మనిషి నిన్న ఆ జాగ్రత్తంతా ఎక్కడ పారేసుకుంది? కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని వాళ్ళమ్మ రోజూ అనేది, రోజూ అనేమాట కాబట్టి రోజూ వినడం మానేసింది.

నిన్న మూడో పీరియడ్‌లో పాఠం ఓటు హక్కు. బల్లల మధ్య తిరుగుతూ చదివిస్తోంది. కిటికీ పక్క వరసలో పిల్లలు కొత్తమ్మాయి అని పిలిచే పిల్ల కూర్చుంటుంది, వచ్చి మూడేళ్ళయినా ఇంకా కొత్తమ్మాయే, యాస ఎప్పుడో పోయింది గానీ పేరు పోలేదు. ఆ పిల్ల వెనక కూర్చునే కుర్రాడు ముందుకు వంగి, గుసగుసగా కూడా కాదు, మామూలుగా, పెన్సిలు అడిగినట్టు అడిగాడు. ఎన్నికలయ్యాక మీరు వెళ్ళిపోతారు కదా, పోయేటప్పుడు నీ జామెట్రీ బాక్సు నాకిచ్చెయ్యవా అని. వాడి మొహంలో కుళ్ళు లేదు, వాడికి నిజంగానే ఆ బాక్సు కావాలి. కొత్తమ్మాయి బాక్సు వంక చూసింది. కాసేపు ఆలోచించి, సరే అంది.

ఆ సరే విన్నాక తనకి ఏమయిందో ఆమెకు ఇప్పటికీ అంతుపట్టడం లేదు. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. పుస్తకం బల్ల మీద పడేసింది. ఎవరు చెప్పారు నీకు వీళ్ళు వెళ్ళిపోతారని, అని ఆ కుర్రాణ్ణి అడిగింది, వాడు బిక్కమొహం వేశాడు. అందరూ అంటున్నారు టీచర్ అన్నాడు. అప్పుడు వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు, మరి మీరు ఎవరికి వేస్తారు టీచర్ అని. ఈ ప్రశ్న ప్రతి ఎన్నికలకీ ఎవరో ఒకరు అడుగుతారు. ప్రతిసారీ ఆమె దగ్గర ఒకే జవాబు సిద్ధంగా ఉండేది, ఓటు రహస్యం అని, పాఠంలోనే ఉంది కదా అని. పిల్లలు ఆమెకు తక్కెడ టీచర్ అని పేరు పెట్టారు, ఏది అడిగినా ఇటు రెండు మాటలు అటు రెండు మాటలు చెప్పి ముల్లు మధ్యలో నిలబెడుతుందని. ఆ పేరు ఆమెకు తెలుసు, నచ్చేది కూడా. నిన్న మాత్రం, ఆ పార్టీకి నేను వెయ్యను అంది. అక్కడితో ఆగినా సరిపోయేది. అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ బల్ల మీద ఇంత ఇరుగ్గా కూర్చునేది కాదు, కూర్చున్నా తల ఎత్తుకుని కూర్చునేది. ఆగలేదు. మనసున్నవాళ్ళెవరూ దానికి ఓటెయ్యరు అంది. మొదటి బెంచీలో లీడరమ్మాయి, ఎప్పుడూ ఆమె నోటినుంచి మాట రాకముందే రాసుకునే పిల్ల, కలం మూత పెట్టేసింది. అది చూసింది. చూసి కూడా పాఠం కొనసాగించింది.

సాయంత్రం పెద్ద మేడమ్ ఫోను చేసి, రేపు రాగానే నా గదికి రండి అంది, ఎందుకో చెప్పలేదు. చెప్పకపోయినా తెలిసింది. ఇంట్లో ఆయనతో చెబితే, పాఠం చెప్పామా జీతం తీసుకున్నామా అన్నట్టుండాలి గానీ ఊళ్ళో గోలంతా నీకెందుకు, అన్నాడు. కాసేపాగి, అయినా నువ్వన్నదాంట్లో తప్పేముందిలే అన్నాడు. ఇంకాసేపటికి, బదిలీ చేస్తారంటావా అన్నాడు. మూడు మాటలూ ఒకే మనిషివి, మూడూ నిజమే. తనలోనూ ఇంతకంటే తక్కువ మందేమీ లేరు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. డ్రిల్లు మాస్టారు గ్రౌండులో పిల్లల చేత పరుగులు పెట్టిస్తూ ఆ పార్టీ పాటలే కూనిరాగం తీస్తాడు, బిళ్ళ ఒకటి తాళాల గుత్తికి వేలాడదీసుకుని తిరుగుతాడు, ఆయన్ని ఎవరూ ఈ బల్ల మీద కూర్చోబెట్టలేదు. ఆ మాట లోపల అడగాలి. గట్టిగా అడగాలి. అడిగితే మాత్రం ఏం లాభం, ఆయన పాడాడు కాబట్టి నేనూ అన్నాను అనడం తొమ్మిదో తరగతి పిల్లలు చెప్పే సాకులా ఉంటుంది.

గ్రౌండులో ఈల మోగింది, పిల్లలు వరసల్లోకి పరుగెత్తుతున్న చప్పుడు. ఆ చప్పుడు వింటుంటే, ఆమధ్య బస్సులో కనిపించిన నర్సు గుర్తొచ్చింది. పాత విద్యార్థిని. డ్యూటీ దిగి వస్తోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అయినా టీచర్‌ని చూసి లేచి సీటిచ్చింది. అదీ ఇదీ మాట్లాడుకున్నాక ఆ పిల్ల అంది, మీరు మాకు రెండు వైపులా చెప్పేవారు టీచర్, మీరు ఎటున్నారో ఒక్కసారి కూడా చెప్పలేదు. మా ఇంట్లో ఇలాంటివి మాట్లాడేవాళ్ళు లేరు. పెద్దవాళ్ళు ఒకటి నమ్మితే ఎలా నమ్ముతారో, నమ్మి ఎలా నిలబడతారో నేను ఎక్కడా చూడలేదు. ఇప్పుడు వార్డులో ఎవరయినా గట్టిగా మాట్లాడితే నేను అటే తల ఊపేస్తాను. నిష్ఠూరంగా అనలేదు, నవ్వుతూనే అంది, స్టాపు రాగానే దిగిపోయింది. ఆ రోజునుంచీ ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది. నిన్న నోరు తెరిచినప్పుడు ఆ కుర్రాడి మీద కోపం ఒక్కటేనా, ఆ నర్సుకి బాకీపడ్డ జవాబు కూడా అందులో ఉందా? అలా అనుకుంటే కాస్త ఊపిరి ఆడుతోంది. ధైర్యం చేశాను అనుకోవడానికి ఒక దారి దొరుకుతోంది. కానీ ఆ దారిలో నాలుగడుగులు వెయ్యగానే మూత పెట్టిన కలం అడ్డొస్తోంది.

ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్న పనిచేసే మిల్లులో సమ్మె జరిగింది. నాన్న గేటు ముందు టెంటులో కూర్చునేవాడు, ఇంటికొచ్చి మాసిన గడ్డంతో గోడకానుకుని పడుకునేవాడు, అమ్మ ఆయన్ని లేపకుండా గిన్నెలు చప్పుడు కాకుండా కడిగేది. లెక్కల మాస్టారంటే ఆమెకు ప్రాణం. బోర్డు మీద ఆయన గీసిన వృత్తం చేత్తో గీసినట్టు ఉండేది కాదు. ఒకరోజు వడ్డీ లెక్క చెబుతూ చెబుతూ, పని చేసేవాడు పని చేస్తాడు, సోమరిపోతులే టెంట్లేసుకుని కూర్చుంటారు అన్నాడు. ఎవర్నీ చూసి అనలేదు, అని మళ్ళీ లెక్కలోకి వెళ్ళిపోయాడు. ఆమె చెవులు మండిపోయాయి. ఆ సాయంత్రం నిద్రపోతున్న నాన్న చేతుల వంక చూసింది. దూది దుమ్ముతో పగిలిన వేళ్ళు, అవే చేతులు, నిన్నటి చేతులే, కానీ ఏ పనీ చెయ్యకుండా నేల మీద పడి ఉన్నాయి. మాస్టారన్నది నిజమేమో అనుకుంది. నాన్న కళ్ళు తెరిచి, ఏమ్మా అలా చూస్తున్నావ్ అన్నాడు. ఏం లేదు అంది. సమ్మె ముగిసింది, నాన్న పనిలోకి వెళ్ళాడు, తర్వాత చాలా ఏళ్ళు బతికాడు, ఆ చూపు గురించి వాళ్ళిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. టీచర్ ఉద్యోగంలో చేరిన రోజున ఆమె తనకు తాను చెప్పుకుంది, నా నోటివెంట వచ్చిన మాట ఏ పిల్ల ఇంట్లోకీ అలా వెళ్ళకూడదు అని. తక్కెడ అప్పుడు పుట్టింది. ఇది నర్సుకి చెప్పి ఉండాల్సింది. చెప్పే లోపే ఆ పిల్ల స్టాపు వచ్చేసింది.

తలుపు తెరుచుకుంది. పెద్ద మేడమ్ ఒక్కతే బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, వంగి మెల్లగా మాట్లాడింది. ఆమె మంచిదే, వచ్చే ఏడాది రిటైరవుతుంది, అప్పటిదాకా ఏ గొడవా లేకుండా వెళ్ళిపోవాలని చూస్తోంది. ఆయన పార్టీ వాళ్ళని వెంటబెట్టుకు రాలేదు, అదృష్టం, అంది. పైకి తెలిసి ఫోను వస్తే నా చేతుల్లో ఏమీ ఉండదు. ఒక పని చెయ్యండి. మీరు పాఠంలో భాగంగా ఏదో ఉదాహరణ చెప్పారు, పిల్ల తప్పుగా అర్థం చేసుకుంది. అంతే. నేను సర్దేస్తాను.

అంతే. ఎంత చిన్న మాట. లోపలికి నడిచే ఆ నాలుగడుగుల్లో ఆమెకు ఆ మాట గొడుగులా కనిపించింది, కిందికి వెళ్ళి నిలబడితే చాలు. పిల్ల తప్పుగా విన్నది. పిల్లలు తప్పుగా వినడం కొత్తా? ఇంట్లో ఆయన ఊపిరి పీల్చుకుంటాడు, మళ్ళీ తక్కెడ ముల్లు మధ్యలోకి వస్తుంది, సైన్స్ టీచర్ ఆగి పలకరిస్తుంది. కానీ ఆ పిల్ల ఏదీ తప్పుగా వినదు. బోర్డు మీద తను తేదీ తప్పు వేస్తే చెయ్యెత్తి చెప్పేది ఆ పిల్లే. ఇవాళ సాయంత్రం తండ్రి ఇంటికెళ్ళి, మీ టీచర్ అలా అనలేదట అంటే, ఆ పిల్ల ఎవర్ని నమ్మాలి? తన చెవుల్ని కూడా నమ్మకుండా చెయ్యాలా? సంచీని రెండో చేతిలోకి మార్చుకుని గడప దాటింది.

ఫోటో స్టూడియో ఆయన కుర్చీలో అంచున కూర్చుని ఉన్నాడు. చొక్కాకి బిళ్ళ లేదు. తీసి వచ్చాడని గుడ్డ మీద రెండు చిన్న కన్నాలు చెబుతున్నాయి. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. చెల్లెమ్మా అనలేదు, నమస్కారం మేడమ్ అన్నాడు. పెద్ద మేడమ్ గొంతు సవరించుకుని, టీచర్ ఏదో ఉదాహరణ అంటూ మొదలుపెట్టబోయింది.

"అన్నానండీ," అంది ఆమె. "మీ అమ్మాయి సరిగ్గానే విన్నది."

పెద్ద మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. కొట్లాటకు సిద్ధమయి వచ్చినవాడికి అవతలివాడు చెయ్యి కిందికి దించేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన మొహం. తర్వాత నెమ్మదిగానే చెప్పాడు. నేనేం గొడవ చెయ్యడానికి రాలేదు. మీరు ఎవరికి వేసుకుంటే నాకేం, అది మీ ఇష్టం. పిల్లలకి చెప్పాలా వద్దా అనేది కూడా మీరూ మీరూ చూసుకోండి, నేను పెద్దగా చదువుకోలేదు. కానీ రాత్రి అన్నాలు తింటుంటే మా అమ్మాయి తినకుండా నా మొహంలోకి చూస్తోంది. ఏమిటని అడిగితే చెప్పదు. చాలాసేపటికి అడిగింది.

"నాన్నా, నీకు మనసు లేదా అంది. ఏం చెప్పమంటారు మేడమ్? ఉందని ఎలా చూపించను?"

ఈ బల్లకు ఇటుపక్క తను, అటుపక్క ఆయన, ఆయన చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి, ఫోటోలు కడిగే మందుల వల్ల కాబోలు గోళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. లెక్కల మాస్టారికి ఎదురుగా నాన్న ఎప్పుడయినా ఇలా వచ్చి కూర్చుని ఉంటే మాస్టారు ఏమని ఉండేవాడు? వచ్చి ఉండడు. నాన్నకి తెలియదు. ఈయనకి తెలిసింది, ఎందుకంటే ఈయన కూతురు అడిగింది, తను అడగలేదు. ఆ పిల్ల తనకంటే ధైర్యస్తురాలు. ఆ ఆలోచనకి కళ్ళలో నీళ్ళొచ్చాయి, వాటిని ఆయన క్షమాపణ అనుకుంటాడేమోనని భయపడి గట్టిగా రెప్పలార్చింది, ఎందుకంటే క్షమాపణ దేనికో, దేనికి కాదో ఆమెకు ఇప్పుడే స్పష్టమవుతోంది, కలిపేస్తే రెండూ పాడవుతాయి.

"మీరు ఆ పార్టీకి వెయ్యడం తప్పనే నేను ఇప్పటికీ అనుకుంటున్నాను అన్నయ్యగారూ," అంది. "మీకు మనసు లేదనడం నా తప్పు. అది నాకు తెలిసిన విషయం కాదు. ఆ మాట అనే హక్కు నాకు లేదు."

మొదటి వాక్యం అనకుండా ఉంటే పోయేదిగా అన్నట్టు పెద్ద మేడమ్ కిటికీ వైపు చూసింది. ఆయన మాత్రం ఆ మొదటి వాక్యానికి కోపం తెచ్చుకోలేదు. ఆ రెండో మాట క్లాసులో చెబుతారా అని అడిగాడు. రెండూ చెబుతానంది. పెద్ద మేడమ్ కల్పించుకుని, ఇక ఆ సంగతి ఎత్తకపోవడమే అందరికీ మంచిది, కావాలంటే మీరు వెళ్ళి వెనక కూర్చుని వినండి అని ఒకే ఊపిరిలో రెండు రకాలుగా అంది. అక్కర్లేదండీ, మా అమ్మాయి వచ్చి చెబుతుందిలెండి, అది అబద్ధమాడదు, అన్నాడాయన. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి ఇద్దరికీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక పెద్ద మేడమ్, మళ్ళీ ఒక్క మాట ఎక్కువ దొర్లితే నేను కాపాడలేను, చెబుతున్నాను, అంది. బెదిరింపు కాదు అది, నిజమే చెబుతోంది.

మొదటి రెండు పీరియడ్లూ వేరే తరగతుల్లో గడిచాక, మూడో పీరియడ్ గంట కొట్టారు. ఆమె మెట్లెక్కింది. ఇన్నేళ్ళుగా ఎక్కుతున్న మెట్లు. పిల్లలందరికీ అప్పటికే అన్నీ తెలిసిపోయాయి, ఆమె లోపలికి రాగానే లేచి నిలబడి, కూర్చోమనకముందే కూర్చున్నారు. పుస్తకం తెరవలేదు. నిన్న నేను రెండు మాటలు అన్నాను అని మొదలుపెట్టింది. మొదటిది నా ఓటు గురించి. మీరు అడిగారు, నేను దాచకుండా చెప్పాను. దాన్ని మీరు ఒప్పుకోనక్కర్లేదు, ఒప్పుకోకపోతే మీ మార్కులు తగ్గవు, నా ప్రేమా తగ్గదు. రెండోది, అటు ఓటేసేవాళ్ళకి మనసు లేదన్నాను. అది తప్పు. మనం ఒకరి ఆలోచన తప్పనవచ్చు, ఆ మనిషి లోపల ఏముందో మనకి తెలియదు. మీ ఇళ్ళల్లో ఎవరినయినా ఆ మాట గుచ్చుకుని ఉంటే, నావల్లే.

లీడరమ్మాయి చెయ్యెత్తింది. లేచి, బెంచీ అంచు పట్టుకుని, తల వంచుకుని చెప్పింది. మా అన్నయ్యకి రెండేళ్ళుగా పని దొరకడం లేదు టీచర్. బయటివాళ్ళు తక్కువ కూలికి వస్తారని వాళ్ళనే పెట్టుకుంటున్నారు. అందుకే మా నాన్న ఆ పార్టీలోకి వెళ్ళాడు. నాకూ అది సరైనదే అనిపిస్తోంది. మీరు ఏమనుకుంటారోనని నిన్న చెప్పలేదు.

ఆమె నాలుక చివర జవాబులు వరసకట్టి నిలబడ్డాయి. పని లేకపోవడానికి కారణం వాళ్ళు కాదని, తక్కువ కూలి ఇచ్చేవాడిని వదిలేసి తీసుకునేవాడిని తరుముతున్నారని, ఒక్కొక్కటే చెప్పొచ్చు, పదినిమిషాల్లో ఆ పిల్లను ఒప్పించి కూర్చోబెట్టొచ్చు, ఈ గదిలో ఆ బలం తనకి ఉంది. ఆ బలమే భయపెట్టింది. చెప్పకపోతే? చెప్పకపోతే కిటికీ పక్కన కూర్చున్న పిల్ల, ఈ మాటలన్నీ తన అమ్మానాన్నల గురించేనని తెలిసి వింటున్న పిల్ల, టీచర్ మళ్ళీ తక్కెడ అయిపోయింది అనుకోదా? నిజాయితీగా చెప్పావమ్మా, అంది లీడరమ్మాయితో. నాకు వేరే అభిప్రాయం ఉంది, అదీ చెబుతాను, కానీ ముందు ఇంకెవరయినా మాట్లాడతారేమో చూద్దాం. ఎవరూ కదల్లేదు. వరండా చివర పెద్ద మేడమ్ చెప్పుల చప్పుడు వినిపించింది, ఇటే వస్తోంది, ఒక్కో తరగతి దగ్గరా ఆగుతూ వస్తోంది. తలుపు వెయ్యాలా అనుకుంది. చెయ్యి గొళ్ళెం దాకా వెళ్ళింది.

అప్పుడు కొత్తమ్మాయి చెయ్యెత్తింది. మూడేళ్ళలో ఆ పిల్ల చెయ్యెత్తగా ఎవరూ చూడలేదు, కుర్రాళ్ళు కూడా మెడలు తిప్పి చూశారు. లేచి నిలబడి, అందరి వంకా కాకుండా టీచర్ వంకే చూస్తూ అంది.

"నేను చెప్పొచ్చా టీచర్? నన్నెవరూ అడగలేదు."

నిజమే, ఎవరూ అడగలేదు. నిన్న ఈ పిల్ల కోసమే అంత కోపం తెచ్చుకుంది, ఈ పిల్ల కోసమే ఉద్యోగం మీదికి తెచ్చుకుంది, రాత్రంతా నాన్ననీ నర్సునీ లెక్కల మాస్టారునీ పక్కన కూర్చోబెట్టుకుని వాదించుకుంది, వాళ్ళెవరి మధ్యా ఈ పిల్ల లేదు. చెప్పుల చప్పుడు పక్క తరగతి దగ్గర ఆగింది. ఆమె గొళ్ళెం మీంచి చెయ్యి తీసేసింది. తలుపు తెరిచే ఉంచి, చెప్పమ్మా అని, మొదటి బెంచీలో లీడరమ్మాయి పక్కన కాస్త ఖాళీ ఉంటే అక్కడ కూర్చుంది. లీడరమ్మాయి కొంచెం జరిగింది. కొత్తమ్మాయి రెండుసార్లు ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టింది.